బావి కాపరికి నాలుగు వేళ్ళు

వరిమడి కాలవలోంచి,
తినేసిన లంచ్ డబ్బాలో తెచ్చింది చిగుసా.
మూత తీస్తే బురదరంగు వీపు,
అడుగున, పొట్టంతా నిప్పు.
"ఇమోరి," అంది, నేనెప్పుడూ చూడనట్టు.
ఆ మాటకి బావి కాపరి అని అర్థం చెబుతారు మావాళ్ళు.
యోషినోలో బావులు పూడిపోయాయి.
కాపరి మిగిలాడు.

సవాకో ఒకటే అడిగింది: కరుస్తుందా?
కరవదు. చర్మంలో విషం ఉంటుంది, కొంచెమే.
ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి,
కళ్ళు నలుపుకోకూడదు.
"అయితే మీ నాన్నలాంటిదే," అని
ఫ్రీజర్‌లో బఠాణీల పక్కన చోటిచ్చింది
గడ్డకట్టిన ఎర్రపురుగుల పొట్లానికి.

పిల్లకంటే ముందు నేను నేర్చుకున్నాను.
పంపునీళ్ళు బకెట్లో ఒక రోజు నిద్రపోవాలి,
మందువాసన ఎగిరిపోయేదాకా.
ఎండ ముదిరితే గడ్డకట్టించిన టీ సీసా ఒకటి
తొట్టిలో తేలేయాలి.
వాన రాత్రుల్లో అది గాజుగోడ ఎక్కుతుంది,
తడి పొట్టే జిగురు.
మూతమీద బరువుండాలి.
మిల్లు నుంచి సుగి మాను ముక్కొకటి మోసుకొచ్చాను.

రెండో వారమో మూడో వారమో
గాజుకి ముక్కానించి లెక్కపెట్టింది చిగుసా:
"ముందు చేతికి నాలుగే వేళ్ళు.
నాన్నా, అచ్చం నీ కుడిచెయ్యి."

రంపం తీసుకుంది చిటికెన వేలే.
ఈ దేశంలో చిటికెన వేలు లేనివాణ్ణి
ఏ ముఠావాడో అనుకుంటారు.
ఒసాకా రైల్లో నా పక్క సీటు
చివరి స్టేషన్ దాకా ఖాళీగా వస్తుంది.
పన్నెండేళ్ళుగా ఆ చెయ్యి జేబులోనే,
చిల్లర వెతుక్కుంటున్నవాడిలా.

పేరు పెట్టేసింది: యోన్. నాలుగు.
నాలుగుని షి అనీ అనొచ్చు, కానీ అది చావుకీ మాటే.
"యోన్ అనే పిలు," వంటింట్లోంచి సవాకో,
కొంచెం గట్టిగా.

జూలై తొమ్మిది.
రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, నిద్రమత్తులో
పురుగులు వేసి మూత వేశాను.
చప్పుడేం రాలేదు.
అంత చిన్న ఎముకకి చప్పుడుండదు.
పొద్దున్న లెక్క: మూడు.

నేను చెప్పలేదు.
నీళ్ళు ఇంకా చల్లగా ఉంచాను, తరచూ మార్చాను,
తప్పుచేసినవాడి శ్రద్ధతో.
యోన్ మాత్రం ఏమీ జరగనట్టు
పాత చర్మాన్ని తొడుగులా ఊడదీసుకుని
తనే మింగేసింది,
తెగిన చోటి చర్మంతో సహా.

ఆగస్టు చివర ఒక మొటిమ.
సెప్టెంబర్లో మెతుకు కొసంత మొగ్గ,
వెలుతురు దూరేంత పల్చన.
నరికిన సుగి మోడు చిగురించదు,
ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను.
ఇది చిగురిస్తోంది.
అందరూ పడుకున్నాక బల్లదీపం పెట్టుకుని కూర్చునేవాణ్ణి,
అటు దాని చెయ్యి, ఇటు నాది, మధ్య గాజు.
అసూయేం కాదు.
కాస్త అసూయే.

అక్టోబర్లో ఒకరోజు చిగుసా నోటుబుక్కు
తెరిచి పెట్టి ఉంది.
జూలై 9. యోన్, మూడు. కారణం, మూత.
అక్టోబర్ 2. యోన్, నాలుగు.
నాన్న, నాలుగు.
కారణం అన్న చోట మూతకి ముందు
ఇంకో మాటేదో రాసి
రబ్బరుతో చెరిపిన మరక.
కాగితం అక్కడ కొంచెం పల్చబడింది.

ఆ ఆదివారం ఇద్దరం నీళ్ళు మార్చాం.
"చేతులు," అన్నాను.
పంపు కింద, ఒకే సబ్బు నురగలో,
పంతొమ్మిది వేళ్ళు.
ఇంతలో బెల్లు. గ్యాస్ మీటరు చూసే కుర్రాడు.
తుడుచుకోకుండానే వెళ్ళి
కుడిచేత్తో తలుపు తీశాను.