అయిదు కాపీలు

ఒంగోలు పెద్దాసుపత్రి గేటుకెదురుగా
మీరావలి జిరాక్స్ అంటే నేనే.
పద్దెనిమిదేళ్ళుగా డాక్టర్లకు థీసిస్‌లు కొడుతున్నాను.
వైద్యం రాలేదు గాని
ఎర్రసిరా చదవడం వచ్చింది.

తప్పును దిద్దే గీత పైపైన పోతుంది.
మనిషిని దిద్దాలనుకున్న గీత
కాగితం అవతలికి దిగుతుంది.
వెనకవైపు తడిమితే వేలికి తెలుస్తుంది.

దారా ఎస్తేరు, పీజీ ఫైనలియర్, జనరల్ మెడిసిన్.
మార్కాపురం దగ్గర పలకరాయి చీల్చే మనిషి కూతురు.
కనిగిరి వైపు ఊళ్ళ బోరునీళ్ళు
సీసాల్లో పట్టుకుని బస్సుల్లో మోసుకొచ్చింది.
నూట పన్నెండు మంది మోకాళ్ళు, వీపులు కొలిచింది.
ఆ పిల్ల పేజీల నిండా
అవతలికి దిగిన గీతలే.

"దీన్ని ఇంగ్లీషంటారా మీ ఊళ్ళో?"
అది మూడో పేజీ.
"ఏ కోటాలో వచ్చావు?"
అది నలభై రెండో పేజీ, ఫ్లోరైడు పట్టిక పక్కన.
వాటిని నేను టైపు చెయ్యక్కర్లేదు.
అయినా రాత్రి కళ్ళు మూస్తే
దుప్పటి మీద నా వేళ్ళు అవే కొడుతుంటాయి.

పేపరు మాత్రం ముందే జర్నల్లో పడింది.
పేర్ల వరసలో ఆ పిల్లది అయిదోది.
మొదటిది, ఇంకా ఇంటర్న్‌షిప్పు చేస్తున్న
పెద్దసారు కొడుకుది.

తను నాకేమీ చెప్పలేదు.
ఇండెంటు జిరాక్సుకొచ్చిన వార్డుబాయ్ కోటయ్య చెప్పాడు:
"రౌండ్సులో ఆ బిడ్డ చేతిలో కేస్‌షీటు లాక్కొని
మంచం కిందకి ఇసిరికొట్టాడబ్బాయా.
అంతమంది చూస్తావుంటే వంగి తీసుకుంది.
మంచం మీద కనిగిరి ముసలామె,
'నేను తీద్దును తల్లీ, నా మోకాళ్ళు వంగవే' అని ఏడ్చింది."

"మిగతా సార్లేం చేశారు?"
"కిటికీలోంచి బయటకి చూస్తా నిలబడ్డారు."

ఆ కిటికీలోంచి కనపడేది
నా కొట్టే.

ఆఖరి రాత్రి, ముప్పై ఆరు గంటల డ్యూటీ దిగి వచ్చింది.
మెళ్ళో స్టెతస్కోపు తియ్యకుండానే
ప్రింటరు వేడికి స్టూలు మీద నిద్రపోయింది.
కృతజ్ఞతల పేజీ నా దగ్గర తయారుగా ఉంటుంది.
ఏటా అదే. పేర్లే మారతాయి.
ఫలానా సారు ప్రోత్సాహానికి, వారి వాత్సల్యానికి,
వారి అంతులేని ఓర్పుకు...

లేచి, కళ్ళు నులుముకుని, తెర మీద చదివింది.
"అన్నా, ఓర్పు ముందున్న ఆ 'హిజ్' తీసెయ్.
'మై' పెట్టు."

నవ్వుతుందేమోనని చూశాను.
నవ్వలేదు.

పెట్టాను.
తను హాస్టలుకు వెళ్ళాక
మా వాడి కాలేజీ ఫీజు గుర్తొచ్చింది.
సారు ఒక్క మాటంటే
ఏటా వచ్చే థీసిస్‌లన్నీ పక్క కొట్టుకు పోతాయి.
నాలుగు కాపీల్లో 'హిజ్' మళ్ళీ పెట్టాను.
ఆ పిల్ల ఉంచుకునే ఒక్కదాంట్లో 'మై' వదిలేశాను.
అయిదింటికీ ఒకటే నల్ల అట్ట,
ఒకటే బంగారు రంగు అక్షరాలు.
తెల్లవార్లూ జిగురు వాసన.

పొద్దున్నే వచ్చింది.
అయిదూ తెరిచింది, ఒక్కొక్కటిగా, అదే పేజీ.
నా వంక చూడలేదు.
డబ్బులు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది.
పలకలు పేర్చిన ఇంటి పిల్ల కదా,
అంచులు కలిపి తట్టి,
పైది కిందికి, కిందిది నడిమికి మార్చి మార్చి
గుండెలకు అదుముకుని రోడ్డు దాటింది.

ఏ కాపీ ఎవరి బల్ల మీదికి చేరిందో
నాకు తెలీదు.
సారు కారు కొట్టు ముందు నెమ్మదించినప్పుడల్లా
ఈనాటికీ
ప్రింటరు ఆపి
లేచి నిలబడతాను.