కొంచెం వదులు

ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె నుంచి బోరు దాకా
నూట అరవై మీటర్లు.
ముగ్గుపిండితో నేను గీసిన గీత మీద
ఓదెలు గడ్డపార వేసిండు.
చలివాగు ఇవతల నల్లరేగడి,
ఏప్రిల్‌ల కొడితే ఇనుము లెక్క మోగుతది.
మూడడుగుల లోతు చాలన్న.
"మనిషికి ఆరు తవ్వుత. దీనికి గింతేనా?"
ఊరి బొందలన్నీ ఆయన తవ్వినయే.
నేను నవ్వలే.
కనుకమ్మ నవ్వింది.

పోయినేటి దాకా ఈ చేనుకు కరెంటు
వెదురు బొంగుల మీద నడిచొచ్చేది.
బొంగు ఒరిగితే ఇంకో బొంగు ఊతం,
తీగ తెగితే చేత్తో మెలేసిన ముడి,
ముడి మీద ఎరువుల సంచి పేలిక.
గాలిదుమారం లేచిన రాత్రి ఆ ముడి విడి
పత్తిసాళ్ల మధ్య చప్పుడు లేకుండ పండుకున్నది.
తెల్లారి ముందు నడిచిన మైలెద్దు
దాని మీద కాలేసింది.
ఎనుక ఎర్రెద్దు ఆగింది.
కనుకమ్మ పలుపు వదిలేసింది.

వదిలిన ఆ చెయ్యే
ఇప్పుడు కందకం ఒడ్డున ఇసుక జల్లిస్తున్నది.
శెనగగింజంత రాయి కూడ ఉండొద్దన్న.
బువ్వల రాయొస్తే మనం ఉమ్మేస్తం,
కేబులుకు ఉమ్ముడు రాదు.
ఒత్తుకుంట ఒత్తుకుంట ఆ రాయి
ఎన్నేండ్లకో తోలు దాటి లోపలికి దిగుతది.
ఆమె అప్పటి నుంచి
బియ్యం చెరిగినట్టే చెరిగింది,
పొద్దు నెత్తి మీదికొచ్చినా లేవలే.

జాకీల మీద డ్రమ్ము తిరిగింది.
నలుగురి భుజాల మీద నల్లటి బరువు.
లాగకుండ్రి, మొయ్యుండ్రి అని నేను ఒర్రుతనే ఉన్న.
ఓదెలు అల్లుడు మొగిలికి తొందరెక్కువ,
వడ్ల పిలగాడు నూలు పట్టినట్టు
ఈ కొస నుంచి ఆ కొసకు బిర్రుగ గుంజిండు.
వద్దు, వంకరగ పరువు,
వాగు పారినట్టు పరువు.
ఈ నేల ఎండకు నోరు తెరుస్తది, వానకు ఉబ్బుతది,
నిలకడగ ఉంటదనుకొని బిగించినోడు
మూడో ఏడు మళ్ల తవ్వుతడు.

బోరు కాడ ఒక చుట్ట, దిమ్మె కాడ ఒక చుట్ట
మిగిలిచ్చి పెట్టిన.
"పైసలు పోసి కొన్న తీగ
వట్టిగ చుట్టి పాతుడేంది సారూ?"
"రేపు తెగితే అందుకునేటందుకు."
ఆమె చుట్ట దిక్కు చూడలే,
ఒక్కతే ఉన్న ఎర్రెద్దు దిక్కు చూసింది.

మెగ్గర్ పిడి తిప్పిన.
ముల్లు ఊగి ఊగి
పండుకున్న ఎనిమిది కాడ ఆగింది.
ఇంటి మరుగుదొడ్డి కట్టంగ మిగిలిన ఇటుకలు
ఇసుక మీద ఓదెలు అడ్డంగ పేర్చిండు,
సగం ఇటుకను కూడ పారెయ్యలే.
ఆపైన జానెడు మట్టి, దాని మీద ఎర్ర రిబ్బను.
"ఏం రాసిండ్రు దీని మీద?"
ఆగు అని రాసిండ్రన్న.
నిజానికి చాన మాటలున్నయి,
కానీ చెప్పేది అదే.

మాపటికి చేను చేను లెక్కనే ఉన్నది.
ఇరవై ఏండ్ల నా పని ఎవరన్న చూపియ్యమంటే
నేల చూపియ్యాలె.

బతుకమ్మకు పది రోజుల ముందు
స్టార్టరు కాలితే మళ్ల పోయిన.
నడుమెత్తు పత్తిల ఒక పసుపు దారి,
బంతి పూలు.
దిమ్మె నుంచి బోరు దాకా
మేం పరిచిన వంకరల మీద వంకరగనే.
నాగలి పట్టినోడు మరిచిపోవద్దని వేసిందట.
బంతి వేరు జానెడు గూడ దిగదని
నాకే చెప్పింది.

ఎర్రెద్దు పూల దాకా వచ్చి నిలబడ్డది.
కనుకమ్మ అదిలియ్యలే.
పలుపు వదులుగ పట్టుకొని
తనూ నిలబడ్డది.
అవతల బోరు పోస్తున్నది.