చిలుము

మత్రా సూకులో మూడో సందు,
సాంబ్రాణి కొట్టు దాటగానే మాది.
మాది అంటే హిలాల్ బిన్ సుహైల్‌ది.
నేను తుడిచేదాన్ని.

చేరిన వారంలోనే నలభై రియాళ్ళు నష్టం తెచ్చాను.
నిజ్వా నుంచి వచ్చిన కాఫీ కూజా, నల్లగా, మసిబారి ఉంటే
అయ్యో అనిపించి, చింతపండూ ఉప్పూ పట్టించి
పీచుతో బరబరా తోమి
మెప్పు కోసం గుమ్మంలోనే పెట్టాను.
ఆయన తిట్టలేదు. కుర్చీలో కూలబడ్డాడు.
"సత్యవేణీ, నూట ఇరవై ఏళ్ళు కడిగేశావు" అన్నాడు.

రాజోలులో మా అత్త
చెంబు మీద చిలుము కనిపిస్తే
ఏడు తరాలనీ లేపి కూర్చోబెట్టి తిట్టేది.
ఇక్కడ ఆ చిలుముకే ధర.

ఇప్పుడు మెత్తటి కుంచె తప్ప ముట్టను.
ఏ వస్తువునైనా ముందు బోర్లించి చూడాలని తెలుసు.
ముఖం అబద్ధమాడుతుంది, అడుగు ఆడదు.
సాగగొట్టిన మేకు ఒంకర, మిషను మేకు బుద్ధిమంతుడు.
సందూకు సొరుగు లాగి వాసన చూడాలి:
లవంగమైతే జాంజిబారు,
వార్నిషైతే పోయిన రంజాను.
వెనక వీధిలో ఒకతను
ఒంటె ఎముక పిడుల్ని టీ డికాషన్‌లో నానబెడతాడు.
మూడు రోజుల్లో ముసలితనం తయారు.

మొన్న సూర్ నుంచి, పాత ఓడల వాళ్ళ ఇంటి సామాను
గోనెసంచుల్లో దిగింది.
రెండో సంచి అడుగున ఒక ఇత్తడి చెంబు.
మూతి దగ్గర సొట్ట. నడుము చుట్టూ పచ్చటి చిలుము,
చిలుము కింద చుక్కలు, చుక్కలు.
బహ్రెయిన్ నుంచి వచ్చే లుల్వా అద్దం పెట్టి చూసింది,
పూలతీగ అంది.
హిలాల్, కాదు, దుఆ అన్నాడు,
మలబారు రాజుగారి ముద్ర అయినా కావచ్చన్నాడు,
ముప్పై అయిదు రాశాడు చీటీ మీద.

నేను కుంచె కింద పెట్టేశాను.
పద్నాలుగు నెలలైంది
నా అక్షరాలు ఫోనులో తప్ప కనిపించి.

"పేరిందేవమ్మ సత్రం.
దొంగిలించినది."

పైకే చదివాను.
ఎవరూ ఎత్తుకుపోకముందే
దొంగతనాన్ని చెక్కించి పెట్టుకునేవాళ్ళు సత్రాల వాళ్ళు.
ఇదంతా నా అరబ్బీలో ఎక్కడ పడుతుంది,
ఒక్క మాటే అన్నాను: మస్రూక్.

కొట్టు కొట్టంతా నిశ్శబ్దం.
అరల మీది కత్తులు, కడియాలు, అత్తరు బుడ్లు
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఇటు తిరిగాయి.
లుల్వా పకపకా నవ్వింది.
హిలాల్ నవ్వలేదు.
"ఆవిడ వాళ్ళు ఉన్నారా?"
ఏమో.
సత్రం చెంబుకి సొంతదారు
దాహంతో వచ్చినవాడే కదా, అదెలా చెప్పను?

చాలాసేపు ఊరుకుని
ముప్పై అయిదు కొట్టేసి తొంభై వేశాడు.
"ఇంత నిజం చెప్పే వస్తువు నా కొట్టుకి రాలేదు."
గురువారం వస్తానంది లుల్వా.

రువీలో ఏజెంటు నా చేతులు కూడా
ఇలాగే తిప్పి తిప్పి చూశాడు.
నా మీద ఎవరూ ఏమీ చెక్కలేదు.
పాస్‌పోర్టు మాత్రం
చీటీల కట్ట ఉండే సొరుగులో ఉంది.

బుధవారం రాత్రి, షట్టరు సగం దించి,
వంటకని దాచుకున్న చింతపండులోంచి
గోళీ అంత తీసి నానబెట్టాను.
చెంబు జోలికి పోలేదు. దాని పచ్చదనం దానిదే.
అగ్గిపుల్ల చివర దూది చుట్టి
ఒక్కో చుక్కనీ, ఒక్కో చుక్కనీ తోముతూ పోయాను.
పేరిందేవమ్మను వదిలేశాను, ఆవిడ నిద్రపోనీ.
రెండో వరుస మాత్రం
దీపం ఆర్పినా కనపడేలా.