ఎడమ చెవి

నూక్ విమానాశ్రయంలో కౌంటర్ పిల్ల
నారింజల సంచీ తూచింది, డైపర్ల కట్ట తూచింది,
నా కోటు కూడా అనుమానంగా చూసింది.
నిన్ను మాత్రం తూచలేదు.
"ఒళ్ళో బిడ్డకి సీటుండదు" అని
టికెట్టు మీద నీ పేరు కొట్టి
పక్కన సున్నా పెట్టింది.

ఉల్లోరియాక్.
ఆ పేరు పక్కన సున్నా పెట్టినవాళ్ళు
ఇంతవరకు లేరు.
ఆ మనిషి స్లెడ్జి ఎక్కితే
ముందు వరసలో కుక్క వెనక్కి తిరిగి చూసేది,
ఏమిటీ బరువని.

కబురు ఫోన్లో వచ్చింది.
నేనిక్కడ, ఆసుపత్రి పక్క వసతి గదిలో,
నెలలు నిండిన పొట్టతో.
ఈ స్థితిలో విమానం కుదరదన్నారు డాక్టర్లు.
మీ వాళ్ళు నీ మీద రాళ్ళు పేరుస్తుంటే
నేను కిటికీ దగ్గర ఆపిల్ తింటున్నాను.
ఎందుకో తినడం ఆపలేదు.
కడచూపు దక్కలేదు.

ఇరవయ్యారు రోజులకి నువ్వొచ్చావు.
అన్నాళ్ళూ నీ పేరు బయట చలిలో నిలబడి ఉంది.
తలుపు తీసి లోపలికి రమ్మన్నాను.
మా వైపు అంతే,
పేరు వస్తే మనిషి వచ్చినట్టే.

ఎర్ర విమానం. రెండు పంకాలు.
నా బెల్టులోంచి నీ చిన్న బెల్టు దూర్చి,
బిడ్డ పొట్ట నొక్కొద్దంటుంది ఆ అమ్మాయి.
మూడు వారాల కింద కోసిన తాడుని
మళ్ళీ ముడేసినట్టుంది నాకు.

నాన్న ఏనాడూ విమానం ఎక్కలేదు.
"పక్షి కడుపులో కూర్చోడానికి
నేనేమన్నా అది మింగిన చేపనా?" అనేవాడు.
ఇప్పుడు చూడు, కూర్చున్నావు
నోటి నిండా పాలతో.

నాకు నాలుగేళ్ళప్పుడు నీ ఒళ్ళో నేను.
ఎలుగు తోలు ప్యాంటు ముళ్ళలా గుచ్చుకునేది.
బెల్టు లేదు, ఏమీ లేదు,
నా నెత్తి మీద నీ గడ్డం, అంతే.
మంచు పగిలిన చోట స్లెడ్జి ఎగిరినప్పుడు
ఆ గడ్డం కొంచెం గట్టిగా నొక్కేది.
ఇందాక విమానం గోతిలో పడ్డట్టు దిగితే
నా గడ్డం నీ నెత్తిని వెతుక్కుంది.
నేనేమీ అనుకోకుండానే.

ఇలులిస్సాత్‌లో పక్క సీటులోకి బొలెత్త ఎక్కింది,
మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకుని.
ఎవరీ బుజ్జిగాడు అంది. పేరు చెప్పాను.
చాలాసేపు ఊరుకుంది.
తర్వాత వంగి, నీ మొహంలో మొహం పెట్టి,
"ఓయ్ ఉల్లోరియాక్,
నా కెటిల్ పట్టుకుపోయి పదకొండేళ్ళు" అంది.
నువ్వు ఆమె చేతి మీద పాలు కక్కావు.
తుడుచుకుంటూ నవ్వింది,
కళ్ళు కూడా తుడుచుకుంది అదే గుడ్డతో.
"సరే పో, బాకీ చెల్లు."

ఉపెర్నవిక్ మీద పొగమంచు.
ఒక చుట్టు, రెండో చుట్టు.
వెనక్కి తిప్పుతారేమోనని
ఎవరో గొణుగుతున్నారు.
దిగడం మొదలవగానే గుక్కపట్టావు,
రొమ్ము ఇస్తే తోసేశావు,
పిడికిలితో ఎడమ చెవే కొట్టుకుంటున్నావు.
చెవుల్లో గాలి, పిల్లలందరికీ మామూలే అంది
యూనిఫాం అమ్మాయి.
"ఎడమ చెవే కదా," అంది బొలెత్త,
"తుపాకీ మోతకి ఎప్పుడో పోయింది అది.
కుడివైపు మాట్లాడు."

కుడివైపు మాట్లాడాను.
ఏం చెప్పానో గుర్తులేదు.
ఆపిల్ సంగతి చెప్పానేమో.

కొండ నెత్తి చదును చేసి వేసిన రన్‌వే
పొగలోంచి ఒక్కసారిగా కాళ్ళ కిందకి వచ్చింది.
చక్రాలు తగిలాయి. నువ్వు ఊరుకున్నావు.
మోచేయి మొద్దుబారింది,
అయినా బెల్టు విప్పబుద్ధి కాలేదు.
అందరూ దిగాక, చివరికి,
ఆ అమ్మాయే వచ్చి విప్పింది.

మెట్ల మీద గాలి నిన్ను లాక్కోబోయింది.
కింద కంచె దగ్గర మా అమ్మ.
మామూలుగా టోపీ తీయని మనిషి,
అంత చలిలో
జుట్టు దువ్వుకుని వచ్చింది.