నూట తొంభై రెండు గ్రాములు

రాణిగంజ్‌లో మూడో అంతస్తు మాది.
కింద మోటార్లు, పంపులు, ఇనుము మీద ఇనుము.
పైన నేను, ఒక కాలు కుంటే కుర్చీ,
ఇంకా అమ్ముడుపోని పదహారు ఎలక్ట్రానిక్ కాటాలు.

పదింటికి మొదలుపెడతాను.
బేగంబజార్ మిర్చి కొట్లు, మోండా మార్కెట్ ఉల్లిగడ్డలు,
గుడిమల్కాపూర్ పూలు.
మోగుతుంది, మోగుతుంది, మోగి మోగి
తనే సిగ్గుపడి ఆగిపోతుంది.

ఎత్తని ఫోనుకి ఏం చెయ్యాలన్నది
మా ఆఫీసులో తెగని పంచాయితీ.

"పెట్టేసి ఇంకో నంబరు కొట్టు" అంటాడు భగవాన్‌దాస్ సార్.
"తాళం వేసిన ఇంటికి బొట్టు పెట్టి పిలిచినట్టు
ఆ వాయిస్ మెసేజీలు ఎందుకమ్మా?"

తస్లీమ్ ఆపా ఒప్పుకోదు.
"గొంతు ఒదిలిపెట్టి రా.
నువ్వు లేనప్పుడు కూడా అక్కడ కూర్చుంటది."

ఇద్దరి మాటా విన్నాను.
అంటే ఎవరి మాటా వినలేదు.

రోజుకి పది పంపేదాన్ని, చప్పుడు లేని మెట్ల మీద నిలబడి.
ఇరవై సెకన్లు, కాగితం మీద రాసుకున్నట్టే:
నమస్తే సార్, నేను శ్రావ్య, రెండేళ్ళ గ్యారంటీ.
పేరు శ్రావ్య.
విన్నవాళ్ళు లేరు.
మైకు బొమ్మలు నీలం తిరగకుండా
వరసగా, ఎండిన చిక్కుడు గింజల్లా.

ఒక మధ్యాహ్నం ఎవరూ చూడకుండా
ఫోన్ని డెమో కాటా మీద పెట్టాను.
నూట తొంభై రెండు గ్రాములు.
తీసి, మాట్లాడి, పంపి, మళ్ళీ పెట్టాను.
నూట తొంభై రెండు.
మా కాటా అబద్ధమాడదు, అదే దాని గొప్ప.

అయినా నేను మాత్రం వింటానా?
ఇంటి ఓనరమ్మ పంపింది నాలుగు నిమిషాలది,
నీళ్ళ మోటారు గురించే అయ్యుంటుంది,
పోయిన నెల నుంచి అట్లాగే ఉంది.

జూలైలో ఒక సాయంత్రం మెహిదీపట్నం బస్టాపు.
వాన. కాగితం తడిసిపోయింది.
ఆ రోజు లెక్కకి ఒకటి తక్కువైందని
గుడిమల్కాపూర్ నంబరొకటి నొక్కి
"అమ్మా, మీ కాటా ఎట్లుందో అడుగుదామని...
అయ్యో, నా బస్సు!"
అంతే. పేరు లేదు, కంపెనీ లేదు, ధర లేదు.
చెరిపేద్దామనుకునే లోపలే వెళ్ళిపోయింది,
బస్సూ, మెసేజూ.

నలభై రోజుల తర్వాత ఫోను.
"నువ్వేనా, బస్సెక్కిన పిల్లవు?"

మల్కవ్వ. బంతి, చామంతి, టోకు.
"నాకు సదువు రాదు బిడ్డా.
అందరు ఫొటోలు పంపుతరు, రేట్ల పట్టీలు పంపుతరు,
ఏలు పెట్టి తుడిచేస్త.
మొన్న మనవరాలు నొక్కితే నీ గొంతు వచ్చింది.
ఇంతకు బస్సు దొరికిందా?"

దొరికిందన్నాను.
నిజానికి దొరకలేదు, ఆటోకి నూట ఇరవై పోయింది.
కానీ నలభై రోజులు ఆగి వచ్చిన ప్రశ్నకి
లేదని ఎట్లా చెప్పను?

కొత్త కాటా వద్దంది.
ఉన్నది కిలోకి నలభై గ్రాములు ఎక్కువ చూపిస్తుందట.
"కొనేటోళ్ళ ఉసురు నాకెందుకు, సరిచేసి పో."
తెల్లవారుజామున నాలుగింటికి వెళ్ళాను.
తడి గోనెల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని
తూకం రాళ్ళు పెట్టి సరిచేశాను.
రెండు వందలిచ్చింది, దోసెడు బంతిపూలు కొసరు.

రిజిస్టర్‌లో సార్ రాసింది: అమ్మకం, సున్నా.
తస్లీమ్ ఆపా పూలు వాసన చూసి
సగం తన టేబుల్ మీదకి లాక్కుంది.

ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.
ఇవాళ ముప్పై నాలుగు ఫోన్లు, తొమ్మిది మెసేజీలు,
నీలం తిరిగింది ఒకటి, అది కూడా
పొరపాటున వేలు తగిలి కావచ్చు.

మెట్ల మీదకి మాత్రం పోవడం లేదు.
కిటికీ తెరిచి మాట్లాడుతున్నాను.
కింద ఎవడో బోల్టుల డబ్బా ఒలకబోస్తే
ఆగి, నవ్వొస్తే నవ్వి,
"ఆఁ, ఏం చెబుతున్నానంటే" అంటాను.

దుమ్మొస్తోందని సార్ కిటికీ మూస్తాడు.
ఆయన టీకి వెళ్ళాక
మళ్ళీ తెరుస్తాను.