తేమ శాతం

నయీంనగర్ల మూడో అంతస్తు రూము.
కింద జిరాక్సు సెంటరు, మీద ఉత్త రేకులు.
ఫోన్ల ఆప్ అడిగింది, నీది ఏ ఊరో ఇంగ్లీషుల చెప్పుమని.
వరంగల్ అన్న.
తెర మీద పడ్డది: వార్ అండ్ గర్ల్.
మల్ల అన్న, మెల్లగ, పెదవులు సాపి.
వార్ అండ్ గర్ల్.
నౌషీన్ నవ్వి నవ్వి బకెట్ల నీళ్లు ఒలకబోసింది.
యుద్ధము, ఆడివిల్ల.
మిషన్ తప్పు రాసిందో
సూసి రాసిందో.

కింద ఎర్రగ మార్కులు: అరవై ఒకటి.
ట్రై అగేన్.

అంకె సూత్తె బాపు యాదికొచ్చిండు.
ఎనుమాముల యార్డుల
పత్తి బస్తకు పొడుగు సూది గుచ్చి
బటన్ ఒత్తుతడు గుమస్తా.
పద్నాలుగు, అంటడు.
రెండు ఎక్కువున్నది ఓదెలూ, కటింగు పడ్తది.
బాపు ఏమనడు.
పిడికెడు పత్తి తీసి చెంపకు ఆనిచ్చి సూత్తడు.
మూడొద్దులు ఆరబోసింది,
మంచు పడే యాళ్లకు అవ్వ చీరెలు కప్పింది
మిషన్‌కు ఎట్ల ఎరుక.

బాపుకు ఇంగ్లీషు రాదంటరు.
లాటు, మాయిశ్చరు, వేబ్రిడ్జి, గేటుపాసు,
కమీషను, సర్వరు డౌను,
గీ మాటల మీదనే నన్ను ఇంజినీరింగు సదివించిండు.
ఇవి ఏ పరీక్షల అడగరు.

అంతకు ముందు ఇంకో మిషన్ ఉండె.
ఆరో తరగతిల తెలుగు సారు.
"నేను గట్లనే జేసిన" అని రాత్తె
ఎర్రగీత కొట్టి
క్లాసంతకు సదివి ఇనిపిచ్చిండు.
నాకు మొదటి కటింగు పడ్డది
నా భాషలనే.

మడికొండ ఆఫీసుల ఏసీ సలి.
నెల రోజుల ట్రైనింగు అయినంక
రిమార్కుల గడిల మూడక్షరాలు: ఎం.టి.ఐ.
గదేంది మేడం అన్న.
అమ్మభాష అంటుకున్నది, అన్నది తన్వి మేడం,
దగ్గు మందు పేరు చెప్పినట్టు.
ఆమె జూబ్లీహిల్స్ బడిల సదివింది.
షెడ్యూల్‌ను రోజుకో తీరు పలుకుతది,
దాన్ని స్టైలంటరు.
నౌషీన్ వాళ్ల తాత
కాజీపేట షెడ్డుల ఇంజన్ల కింద నేర్చిన ఇంగ్లీషు ఆమెది,
అది గూడ ఆ గడిలకు పట్టలే.

ఇప్పుడు ట్రైనింగు తీసేసిండ్రు.
హెడ్‌సెట్టుల సాఫ్ట్‌వేరు పెట్టిండ్రు.
ఇటు నేను మాట్లాడుత,
అటు దిక్కు ఇంకెవరో మాట్లాడుతది.
ఒకపారి రికార్డింగు పెట్టి ఇన్న.
ఎంత సాఫుగున్నదంటే
జిన్నింగు మిల్లుల గింజ తీసిన పత్తి తీరు.
గింజ ఎటు పోయిందో
ఎవరినడగాలె.

నిన్న రాత్రి ఒక ముసలాయిన, గ్లాస్గో నుంచి.
ఆయిన మాట మిషన్‌కే తెల్వలే.
తెర మీద చుక్కలు, మల్ల చుక్కలు,
తర్వాత గోట్ అంబ్రెల్లా.
తన గడ్డ మీద కూసోని
తన భాషనే పలుకుతున్నడు,
అయినా చుక్కలే.
నాకు సమజయింది.
మాటల తోకలు మింగుతడు, మా పెద్దబాపు తీరు.
బాయిలరు చెడింది, ఇల్లు సల్లబడ్డది,
ఒక్కణ్ణే ఉన్న అంటున్నడు.
నేను బటన్ బందు పెట్టిన.
నా గొంతుతోని అన్న:
సార్, ఐ యామ్ హియరింగ్ యూ ఓన్లీ.

ఆయిన జరసేపు ఆగిండు.
నువ్వెవరివి బిడ్డా,
ఇప్పటిదాక మాట్లాడినామె ఏది, అన్నడు.

ఏం చెప్పాలె.

పొద్దుగాల నా స్కోరు యాభై ఎనిమిది.
పక్క గడిల అవే మూడక్షరాలు.
యార్డు నుంచి బాపు ఫోన్ చేసిండు.
ఇయ్యాల పదమూడే వచ్చిందట,
ఒకటి తగ్గిందని సంబురం.
నీదెట్లున్నది అన్నడు.
ఇంక తడున్నది బాపూ, అన్న.
ఆయినకు ఇనవడ్డదో లేదో,
ఎనుక ఎవరో ఓదెలూ నీ లాటూ అని కేకేసిండ్రు.
ఫోన్ పెట్టేసిండు.