శుభ్రపరచు పని జరుగుచున్నది

హాంబుర్గ్‌లో, ఆల్టోనా స్టేషన్ మెట్ల కింద
ఒక కుర్చీ, ఒక తెల్ల పళ్ళెం, నేను.
పళ్ళెంలో పడే చిల్లరే నాకు గోడ గడియారం.
పేరు సెర్వా. కుమాసి వదిలి పంతొమ్మిదేళ్ళు.
ఈ ఊరి కడుపుల సంగతి
ఈ ఊరి డాక్టర్లకన్నా నాకే ఎక్కువ తెలుసు.

మొన్న మంగళవారం హౌకె వచ్చాడు,
పేరు తర్వాత తెలిసిందిలెండి.
ఛాతీకి కట్టుకున్న పిల్లాడు, భుజాన సంచి.
మనిషికన్నా ముందు వాసన మెట్లు దిగింది.
మగవాళ్ళ వైపు వెళ్ళి, వెళ్ళినంత వేగంగా వెనక్కి వచ్చాడు.
"బల్ల లేదా?"
ఉంది. ఆడవాళ్ళ వైపు ఉంది.
గోడకి మడిచి పెట్టిన బల్ల, దాని మీద బోసినవ్వు బొమ్మ.
కనడమే కాదు, కడగడం కూడా ఎవరి పనో
ఆ గోడ ఎప్పుడో తేల్చేసింది.
కోటు విప్పి నేలమీద పరవబోయాడు.
ఆ నేల తుడిచేదాన్ని నేను. వద్దన్నాను.

అంతలో పైన రచ్చ.
చెట్టు మొదట్లో ఒక అవ్వ
మనవణ్ణి తొడలు పట్టి గాల్లో కూర్చోబెట్టి
పెదాల మధ్య సన్నగా, "స్స్స్... స్స్స్..."
వాడి లాగుకి మధ్యలో కుట్టు లేదు.
ఊడిపోయి కాదు, కుట్టకుండానే వదిలారు.
"ఇది వీధి! వీధి!" అని అరుస్తోంది ఒకావిడ.
ఆవిడ కుక్క అదే చెట్టుకి
అప్పటికే కాలెత్తి ఉంది.

అవ్వ చెయ్యి పట్టుకుని కిందికి తెచ్చాను.
ఆడవాళ్ళ గుమ్మం ముందు పసుపు బోర్డు నిలబెట్టాను:
శుభ్రపరచు పని జరుగుచున్నది.
అబద్ధమేమీ కాదు.
హౌకెని లోపలికి తోశాను.

అవ్వ పేరు షూజెన్, ఊరు లాన్‌జౌ.
కోడలి పురిటికి వచ్చి ఇక్కడే చిక్కుకుపోయిందట.
ఫోనులోకి ఆమె మాట్లాడితే
ఫోను జర్మన్‌లో, రైలు ప్రకటన గొంతుతో పలికింది:
"మా వాడు ఆరో నెల నుంచే చెప్తాడు.
మీ వాడు చెప్పడా, మీరు వినరా?"
హౌకె చెవులు ఎర్రబడ్డాయి.
తొందరేం లేదు, మూడేళ్ళకో ఎప్పటికో తనే అడుగుతాడు,
బలవంతపెడితే మనసులో ఉండిపోతుందట, అన్నాడు.
ఫోను దాన్ని ఏమని చెప్పిందో గానీ
అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.
విప్పిన డైపర్‌ని అరచేతిలో తూచి చూసింది,
కూరగాయల కొట్లో గుమ్మడికాయ ముక్కని తూచినట్టు.
అయ్యో, ఇంత బరువు కట్టుకుని తిరుగుతాడా పాపం.
హౌకె అటు కుట్టులేని లాగు చూశాడు.
అయ్యో, ఈ చలిలో పాపం.
రెండు పాపాలకీ ఒకటే ముఖం.

నన్నడిగితే, ఎవరూ అడగలేదనుకోండి,
నా కూతుళ్ళిద్దర్నీ వీపుకి కట్టుకుని పెంచాను.
ఇటు కదిలితే ఆకలి, అటు మెలితిరిగితే ఉచ్చ.
నా కళ్ళకన్నా ముందు నా వీపుకి తెలిసేది.
ఎప్పుడూ కాదు.
రెండు మంచి గుడ్డలు, ఒక పెళ్ళికి కట్టుకున్నది కూడా,
వీపు మాట వినకపోతే పాడయ్యాయి.

అవ్వ మనవణ్ణి ఎత్తి మళ్ళీ ఈల మొదలుపెట్టింది.
స్స్స్...
లే-లే ఆలోచిస్తున్నాడు.
పైకప్పు చూశాడు, కుళాయి చూశాడు.
బల్ల మీద హౌకె కొడుకు ఫీటె, పదకొండు నెలలవాడు,
ఈల ఎన్నడూ విననివాడు,
తల తిప్పి, చెవి రిక్కించి,
నిటారుగా ఒక ధార వదిలాడు,
తండ్రి మోచేతి దాకా.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత లే-లే కూడా కానిచ్చాడు, వాడి లెక్క ప్రకారం.

శుక్రవారం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.
పదమూడు నిమిషాలు అకారణంగా మూసి ఉంచారని ఫిర్యాదు,
ఆడవాళ్ళ వైపు మగ గొంతు నవ్విందని ఫిర్యాదు.
సంతకం పెట్టమన్నారు, పెట్టాను.
మగవాళ్ళ వైపు బల్ల ఎప్పుడని వెనకవైపు రాసి పంపాను.
జవాబు రాలేదు.

ఆ రోజు పళ్ళెం ఖాళీ చేస్తుంటే
నాణేల మధ్య ఒక ఎర్రటి ఎండు రేగుపండు.
కడిగి, తిన్నాను.
గింజ జేబులోనే ఉంది, ఎందుకో పారేయలేదు.